ఊళ్లో తిరగడానికి మొదటి స్కూటర్: ఎంచుకోవడం నుంచి ఇంటికి తెచ్చుకోవడం దాకా

"మొదటిసారి బండి కొంటున్నాను, ఏ స్కూటర్ తీసుకోమంటారు?" ఈ మాట నన్ను అడగని నెల లేదు. కాలేజీలో చేరుతున్న అమ్మాయిలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, పిల్లల్ని స్కూల్లో దింపడానికి ఆటో మీద ఆధారపడి విసిగిపోయిన తల్లులు, రిటైరయ్యాక నేర్చుకోవాలనుకుంటున్న పెద్దవాళ్లు... అందరిదీ ఇదే ప్రశ్న. అందరూ ఆశించే జవాబు ఒక బండి పేరు.

పేరు చెప్పడం తేలిక, కానీ దానివల్ల మీకు మేలు జరగదు. మీ ఎత్తెంత, మీ సందు ఎంత ఇరుకు, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ ఎంత నిటారు అన్నది తెలియకుండా ఎవరు బండి పేరు చెప్పినా అది వాళ్లకు నచ్చిన బండే. నేను మొదటి స్కూటర్ అలాగే కొన్నాను. ఆఫీసులో ఒకరు "125 సీసీ ఇంజిన్ ఉన్నది తీసుకో, పికప్ బాగుంటుంది" అన్నారు, తీసుకున్నాను. మూడో రోజు మా సెల్లార్ ర్యాంప్ మధ్యలో ఆపాల్సి వచ్చింది. కాలు పూర్తిగా ఆనలేదు, బండి నా మీదికి ఒరిగిపోయింది. దెబ్బ చిన్నదే, కానీ ఆ భయం పోవడానికి ఆరు నెలలు పట్టింది. బండిలో ఏ లోపమూ లేదు. అది నా ఒంటికి సరిపోయే బండి కాదు, అంతే.

అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. వరుసగా చేసుకుంటూ వెళ్తే రెండు వారాల్లో మీ బండి మీకే తెలుస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకు ఇచ్చే లైసెన్స్) లేదా పక్కా లైసెన్స్. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాత పక్కా లైసెన్స్ పరీక్షకు వెళ్లొచ్చు. గేర్ల బండి లైసెన్స్ ఉంటే స్కూటర్‌కు వేరే అక్కర్లేదు. గేర్లు లేని బండి లైసెన్స్‌తో మాత్రం బైక్ నడపకూడదు.
- ఒక చిన్న పుస్తకం, పెన్ను, కొలిచే టేపు.
- మీరు రోజూ వేసుకునే చెప్పులు, రోజూ మోసే బ్యాగు. షోరూంకు కూడా ఇవే తీసుకెళ్లాలి. ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.
- ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే నంబరు ఉన్న హెల్మెట్. బండి కంటే ముందు దీన్నే కొనండి.
- బాగా నడపడం వచ్చిన మనిషి ఒకరు. అన్నయ్యో, వదినో, స్నేహితురాలో, ఎవరైనా పర్వాలేదు. వాళ్ల పని టెస్ట్ రైడ్‌లో సాయం చేయడం వరకే. నిర్ణయం మీదే.

తల్లిదండ్రులకు ఒక మాట. 18 నిండని పిల్లలకు ఈ బండ్లేవీ ఇవ్వకండి. 16 ఏళ్లకు లైసెన్స్ ఇచ్చేది 50 సీసీ లోపు బండికే. ఇవాళ షోరూముల్లో మామూలుగా దొరికే పెట్రోల్ స్కూటర్లన్నీ అంతకంటే పెద్దవి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక మైనర్ బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉన్నాయి. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ కూడా రాదు. "సందు చివరి వరకే కదా" అని ఇచ్చిన బండ్లే ఎక్కువ ప్రమాదాల్లో కనిపిస్తాయని నా భయం.

1. ఒక వారం మీ దారి రాసుకోండి

షోరూం మాట మర్చిపోయి ఏడు రోజులు ఇవి రాయండి: రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరగాలి, వెనక ఎవరైనా కూర్చుంటారా, ఏం మోస్తారు, బండి ఎక్కడ పెడతారు, దారిలో ఎత్తు పల్లాలు ఎలా ఉన్నాయి.

చివరిది చాలామంది పట్టించుకోరు. విజయవాడ వన్‌టౌన్ సందుల్లో తిరిగేవాళ్లకు తేలికగా తిప్పుకోగల బండి కావాలి. విశాఖలో కొండవాలు కాలనీల్లో ఉండేవాళ్లకు, హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ లాంటి ఎత్తుల మీద రోజూ ఇద్దరితో వెళ్లేవాళ్లకు లాగే శక్తి కావాలి. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటే ఉప్పుగాలికి ఇనుప భాగాలు త్వరగా తుప్పు పడతాయి, కాబట్టి పైకప్పు ఉన్న చోటు కూడా వెతుక్కోవాలి.

దూరం లెక్కేసేటప్పుడు మ్యాప్‌లో కారు దారి చూడకండి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీదికీ, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్లే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ టూవీలర్లను రానివ్వరు. టూవీలర్ గుర్తు నొక్కి చూస్తే అసలు దూరం తెలుస్తుంది.

2. పెట్రోలా, కరెంటా తేల్చుకోండి

ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు, లెక్క. మీ అంకెలు పెట్టి మీరే వేసుకోండి.

రోజుకు 20 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు అంటే 520 కిలోమీటర్లు. పెట్రోల్ స్కూటర్ ఊళ్లో లీటరుకు 45 ఇస్తుందనుకుంటే పదకొండున్నర లీటర్లు. లీటరు 110 చొప్పున దాదాపు 1,270 రూపాయలు. అదే దూరానికి ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్‌లో పోయేది కలుపుకొని 21 యూనిట్లు తాగుతుందనుకుందాం. యూనిట్ 8 రూపాయలైతే 170. నెలకు 1,100 మిగులు. బండి ధరలో తేడా 30 వేలు ఉన్నా రెండున్నరేళ్లకు తీరిపోతుంది.

రోజుకు 5 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు ఇదే లెక్క వేస్తే మిగిలేది నెలకు 275. అదే 30 వేలు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు. వాళ్లకు డబ్బు కోసం ఎలక్ట్రిక్ కొనమని నేను చెప్పలేను. పొగ, చప్పుడు వద్దనుకుని కొంటే అది వేరే సంగతి.

తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రిజిస్టర్ చేసే ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. అక్కడ కొనేవాళ్లు దీన్ని కూడా లెక్కలో కలపాలి. పెట్రోల్ స్కూటర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఎలక్ట్రిక్ మీద 5 శాతమే. అంతకుముందు రాసిన ధరల పట్టికలు చూసి పోల్చుకోకండి.

ఎలక్ట్రిక్ అనుకుంటే, అడ్వాన్స్ ఇచ్చే ముందే మూడు పనులు:

- బండి పెట్టే చోట మీ మీటరు నుంచి వచ్చే ప్లగ్ ఉందా? అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి. నోటి మాట చాలదు.
- ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. నాలుగో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీసి ఛార్జింగ్ పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ ఆలోచనే వద్దు.
- కంపెనీ ప్రకటించిన రేంజ్‌లో, అంటే ఒక ఫుల్ ఛార్జింగ్‌కు వెళ్లే దూరంలో, పాతిక శాతం తీసేయండి. ఆ మిగిలిన దూరం మీ రోజువారీ తిరుగుడుకు రెండింతలు ఉంటే నిశ్చింత.

"లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని అమ్మే బండ్ల దగ్గర కాస్త ఆగండి. మోటారు 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే ఆ మినహాయింపు. "వైరు ఒకటి తీసేస్తే 45 వెళ్తుంది" అని ఎవరైనా అంటే ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని బండి. ప్రమాదం జరిగితే పరిహారమంతా మీ జేబులోంచే కట్టాలి.

3. 110 సీసీయా, 125 సీసీయా

ఒక్కరే, చదునైన ఊరు, రోజుకు 15 కిలోమీటర్ల లోపు అయితే 110 సరిపోతుంది. యాక్టివా, జూపిటర్, ప్లెజర్ ప్లస్, జెస్ట్ ఈ వర్గంలోవి. రోజూ ఇద్దరు, ఫ్లైఓవర్లు, ఎత్తులు ఉంటే 125 చూడండి. యాక్సెస్, జూపిటర్ 125, ఫసీనో, యాక్టివా 125 ఇందులోకి వస్తాయి.

125 అంటే బరువు ఎక్కువ అనుకుంటారు. అన్నిటికీ అది నిజం కాదు. ఫసీనో 125 బరువు 99 కిలోలే, చాలా 110 బండ్ల కంటే తక్కువ. సీసీ చూసి బరువు ఊహించకండి. స్పెసిఫికేషన్ కాగితంలో 'కర్బ్ వెయిట్' (నడపడానికి సిద్ధంగా ఉన్న బండి బరువు) అని ఉండే అంకె చూడండి. మొదటి బండికి అది 110 కిలోలు దాటకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం. ఎలక్ట్రిక్ బండ్లు సాధారణంగా ఇంకాస్త బరువుంటాయి, కాబట్టి వాటికి తర్వాతి మెట్టు మరీ ముఖ్యం.

4. షోరూంలో ఎక్కి కూర్చోండి

ఈ మొత్తంలో ఒకే ఒక్క మెట్టు చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మా పిన్ని 52 ఏళ్ల వయసులో స్కూటర్ నేర్చుకుంది. బాబాయి, ఇద్దరు కొడుకులు కలిసి ఒక బండి నిర్ణయించేశారు. నేను పిన్నిని షోరూంకు తీసుకెళ్లి కింది అయిదు పరీక్షలు చేయించాను. వాళ్లు అనుకున్న బండి రెండో పరీక్షలోనే ఆగిపోయింది. ఆవిడ ఎంచుకున్న బండి మీదే ఇప్పుడు రోజూ రైతుబజారుకు వెళ్లొస్తోంది.

రోజూ వేసుకునే చెప్పులతోనే ఈ పరీక్షలు చేయండి. ఎత్తు మడమల చెప్పులతో చేస్తే ఫలితం తప్పు వస్తుంది. చీర కట్టుకుని నడపాల్సిన ఉద్యోగమైతే చీరలోనే వెళ్లండి.

*ఒకటి, కాళ్లు ఆనడం.* సీటు మీద మామూలుగా కూర్చుని రెండు కాళ్లూ కింద పెట్టండి. రెండు అరికాళ్లూ పూర్తిగా ఆనితే చాలా మంచిది. ఒక పాదం పూర్తిగా, రెండో పాదం సగం ఆనితే నడుస్తుంది. రెండూ మునివేళ్ల మీదే ఉంటే మొదటి బండిగా దాన్ని వదిలేయండి. కాగితం మీద ఎత్తు చూసి సరిపెట్టుకోవద్దు. రెండు బండ్లకూ 765 మిల్లీమీటర్లనే రాసి ఉన్నా, సీటు వెడల్పుగా ఉన్నదాని మీద కాళ్లు ఎడంగా పోయి తక్కువ ఆనుతాయి.

*రెండు, స్టాండ్ వేయడం.* బండిని సెంటర్ స్టాండ్ వేసి, దింపి, మళ్లీ వేయండి. మూడుసార్లు, ఎవరి సాయమూ లేకుండా. పద్ధతి ఇది: బండికి ఎడమవైపు నిలబడండి, ఎడమ చేయి హ్యాండిల్ మీద, కుడి చేయి వెనక కమ్మీ మీద ఉంచండి. కుడికాలితో స్టాండ్‌ను కిందికి నొక్కి, దాని రెండు కాళ్లూ నేలకు తగిలాయని తెలిశాక మీ బరువంతా ఆ కాలి మీద వేయండి. చేతులతో ఎత్తకూడదు, నడుము పట్టేస్తుంది. పద్ధతి సరిగా ఉన్నా లేవకపోతే ఆ బండి మీకు బరువే.

*మూడు, వెనక్కి నెట్టడం.* ఇంజిన్ ఆపి, సీటు మీద కూర్చుని, కాళ్లతో పది అడుగులు వెనక్కి జరపండి. తర్వాత దిగి, పక్కన నడుస్తూ నెట్టండి. షోరూం ముందు చిన్న ఎత్తు ఉంటే అక్కడ కూడా చేయండి. పార్కింగ్‌లో ప్రతిరోజూ చేయబోయే పని ఇదే.

*నాలుగు, మోకాళ్లు, చేతులు.* హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. పొడుగువాళ్లకు మోకాలికి తగలకూడదు, పొట్టివాళ్లకు చేయి అందక ముందుకు వంగాల్సిన అవసరం రాకూడదు. బ్రేకు లివర్లు రెండు వేళ్లకు హాయిగా అందాలి.

*అయిదు, సామాను.* మీ హెల్మెట్‌ను డిక్కీలో పెట్టి సీటు మూయండి. మీ బ్యాగు ముందు పెట్టండి. కాళ్లు పెట్టుకోవడానికి చోటు మిగిలిందా? నెలనెలా గ్యాస్ బండ తెచ్చుకునేవాళ్లున్నారు, వాళ్లకు ఫుట్‌బోర్డు చదునుగా ఉండాలి. డిక్కీల్లో తేడా చాలా ఉంటుంది. జూపిటర్ 125లో పెట్రోల్ ట్యాంకు ఫుట్‌బోర్డు కిందికి మార్చడం వల్ల డిక్కీ 33 లీటర్లయింది. యాక్టివాలో అది 18 లీటర్లే. పెట్రోల్ పోసే మూత బయట ఉందా, సీటు లేపి పోయించాలా అన్నది కూడా చూడండి. బంకులో ప్రతిసారీ దిగి, బ్యాగు తీసి, సీటు లేపడం చిన్న విషయంలా కనిపించినా రోజులు గడిచేకొద్దీ విసుగు పుడుతుంది.

ఈ అయిదిట్లో మొదటి మూడు తప్పనిసరి. వాటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, రంగు ఎంత నచ్చినా, పక్కింటివాళ్లు ఎంత మెచ్చుకున్నా, ఆ బండి వద్దు. "అలవాటవుతుందిలెండి" అని సేల్స్ అబ్బాయి అంటాడు. నడపడం అలవాటవుతుంది. కాలి పొడవు పెరగదు.

5. టెస్ట్ రైడ్

నడపడం వస్తే మీరే చేయండి. ఇంకా నేర్చుకుంటుంటే, తోడు వచ్చిన మనిషిని నడపమని మీరు వెనక కూర్చోండి. మీ ఒంటికి సరిపోతుందో లేదో నాలుగో మెట్టులో తేలిపోయింది కాబట్టి పర్వాలేదు.

షోరూం ముందు రోడ్డు మీద ఒక రౌండ్ వేస్తే ఏమీ తెలియదు. ఒక స్పీడ్ బ్రేకర్, ఒక యూటర్న్, ఒక ఎత్తు ఉన్న దారిలో తీసుకెళ్లమనండి. గమనించాల్సినవి: బాగా నెమ్మదిగా, మనిషి నడకంత వేగంలో బండి తూలుతుందా? ఆక్సిలరేటర్ కొద్దిగా తిప్పగానే ఎగిరి దూకుతుందా? కొత్తవాళ్లకు మెల్లగా అందుకునే బండే మంచిది. ఎలక్ట్రిక్‌లో ఎకో మోడ్ పెట్టి చూడండి, ఎందుకంటే మొదటి రెండు నెలలు మీరు ఉండాల్సింది అందులోనే.

బ్రేకుల గురించి ఒక్క మాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బండ్లకు కనీసం సీబీఎస్ తప్పనిసరి. అంటే ఎడమ లివర్ నొక్కితే వెనక బ్రేకుతో పాటు ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. కుడి లివర్ ముందు చక్రానికే. హ్యాండిల్ పక్కకు తిరిగి ఉన్నప్పుడు కుడి లివర్ గట్టిగా పట్టుకుంటే బండి జారిపోతుంది. సైకిల్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇది. ముందు డిస్క్ బ్రేకు ఉన్న మోడల్‌కు నాలుగైదు వేలు ఎక్కువైనా, బడ్జెట్ ఉంటే దానికే నా ఓటు.

చక్రాల సైజు కూడా అడగండి. 10 అంగుళాల చక్రం గుంతలో ఎక్కువ దిగుతుంది, 12 అంగుళాలది కాస్త నయం. యాక్టివా, యాక్సెస్‌లలో ముందు 12, వెనక 10 ఉంటాయి. జూపిటర్‌లో రెండూ 12.

6. సర్వీస్ సంగతి

ఇంటికి అయిదు కిలోమీటర్ల లోపు సర్వీస్ సెంటర్ ఉందా? మీ వీధి మెకానిక్ ఆ బండి పట్టుకుంటాడా? ఆయన్నే అడగండి, నిజం చెబుతాడు. ఎలక్ట్రిక్ అయితే సర్వీస్ సెంటర్ ముందు శనివారం పొద్దున అరగంట నిలబడి, బండి ఇవ్వడానికి వచ్చినవాళ్లతో మాట్లాడండి. ఏ ప్రకటనలోనూ దొరకని సమాచారం అక్కడ దొరుకుతుంది. చిన్న పట్టణాల్లో ఉండేవాళ్లు ఈ పని చేయకుండా ఎలక్ట్రిక్ కొనకండి.

7. కొటేషన్ విడగొట్టి చదవండి

గోడ మీద ఉండేది ఎక్స్‌షోరూం ధర. మీరు కట్టేది ఆన్‌రోడ్ ధర. 110 సీసీ బండికి ఈ రెండింటి మధ్య 15 నుంచి 20 వేల తేడా రావడం మామూలే. ఆ తేడా ఎక్కడికి పోతోందో వరుసగా కాగితం మీద రాయించుకోండి. కనీసం రెండు షోరూముల కొటేషన్లు కావాలి.

ఇన్సూరెన్స్: కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) తప్పనిసరి. 75 నుంచి 150 సీసీ వరకు 2022లో దీనికి ప్రభుత్వం నిర్ణయించిన ప్రీమియం 3,851 రూపాయలు, పన్ను అదనం. మీ బండికి జరిగే నష్టానికి ఇచ్చే సొంత డ్యామేజీ పాలసీ ఏడాదికి తీసుకుంటే చాలు. బయట మీకు నచ్చిన కంపెనీలో తీసుకునే హక్కు మీకుంది. బయట ధర కనుక్కుని వెళ్తే షోరూం ధర కూడా దిగుతుంది. భాగాల పాతదనం లెక్కేసి క్లెయిమ్‌లో కోత పెట్టని "జీరో డెప్" మొదటి బండికి తీసుకోండి. ప్లాస్టిక్ భాగాలు విరిగేది మొదటి ఏడాదిలోనే.

హ్యాండ్లింగ్ ఛార్జీలు, లాజిస్టిక్స్, ఫైల్ ఛార్జీలు: ఇవి ఏ నిబంధన ప్రకారమో రాసి, రసీదు ఇవ్వమని మర్యాదగా అడగండి. చాలాసార్లు ఆ వరుస చెరిగిపోతుంది.

యాక్సెసరీలు: వెనక కూర్చునేవాళ్లు పట్టుకునే కమ్మీ, కాళ్లు పెట్టుకునే రెస్ట్, చక్రంలో బట్ట పడకుండా ఉండే చీర గార్డు... ఇవి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం బండితో రావాల్సినవి. వీటికి విడిగా వేలు వేస్తే ఒప్పుకోకండి. సీటు కవరు, మ్యాటు బయట సగం ధరకు దొరుకుతాయి.

అప్పు: "ఏడు శాతమే" అంటే "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని అడగండి. ఫ్లాట్ అంటే బాకీ తీరుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ. 80 వేలకు ఏడు శాతం ఫ్లాట్ అంటే మూడేళ్లకు 16,800 వడ్డీ, నెలకు దాదాపు 2,690. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది 13 శాతానికి దగ్గర. మీ బ్యాంకులో 11 శాతానికి దొరుకుతుంటే అదే చౌక. వినడానికి ఏడు తక్కువ, కట్టేటప్పుడు ఎక్కువ.

8. పాత బండి కొనాలనుకుంటే

నేర్చుకోవడానికి పాత బండి మంచి ఆలోచనే. గీతలు పడినా గుండె కలుక్కుమనదు. కానీ ఇవి చూడకుండా డబ్బు చేతికివ్వకండి.

- ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి, ఫైనాన్స్ బాకీ, ఇన్సూరెన్స్ గడువు చూడండి. పెండింగ్ చలాన్లు ట్రాఫిక్ పోలీసుల సైట్‌లో చూడాలి.
- ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో అంకె అంకె సరిచూడండి.
- పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే స్టార్టింగ్ సమస్య దాస్తున్నారేమో ఆలోచించండి.
- 20 వేల కిలోమీటర్లు దాటిన బండికి డ్రైవ్ బెల్టు మార్చారా అని బిల్లుతో సహా అడగండి.
- వరద నీళ్లలో మునిగిందా? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు వేల బండ్లు నీళ్లలో నిలబడిపోయాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీల్లోనూ అదే జరిగింది. డిక్కీ లేపి అడుగున, హెడ్‌లైట్ లోపల, వైర్ల జాయింట్ల దగ్గర ఎండిన బురద గీత ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే ఎంత చౌకగా ఇచ్చినా వదిలేయండి. ఎలక్ట్రిక్ అయితే అసలు ముట్టుకోవద్దు.
- పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు, ఫైనాన్స్ ఉంటే అది తొలగించడానికి ఫారం 35, వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. "తర్వాత ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి" అన్న మాటకు ఒప్పుకోకండి. మీ పేరు మీదికి మారేదాకా కొంత డబ్బు ఆపి ఉంచడం ఇద్దరికీ న్యాయం.

9. డెలివరీ రోజు

పూజ, కొబ్బరికాయ, ఫోటో తర్వాత. ముందు అరగంట పగటి వెలుతురులో బండి చూడండి. సాయంత్రం ఏడింటికి రమ్మంటే మర్నాడు పొద్దున వస్తామని చెప్పండి.

ముందుగా తయారైన నెల చూడండి. కంపెనీ బండితో ఇచ్చే ఫారం 22లోనూ, తర్వాత ఆర్సీలోనూ ఉంటుంది. నాకు తెలిసిన ఒకరికి ఎనిమిది నెలలుగా గోడౌన్‌లో ఉన్న బండి అంటగట్టారు. బ్యాటరీ రెండు నెలలకే పోయింది. మూడు నెలలకు మించి పాతదైతే వేరే బండి అడగండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 1425 అంటే 2025లో 14వ వారం తయారైందని.

తర్వాత: మీటరులో పది కిలోమీటర్ల లోపు ఉందా, గీతలు ఉన్నాయా, అన్ని లైట్లు, హారన్, రెండు ఇండికేటర్లు పనిచేస్తున్నాయా, రెండు తాళాలు ఇచ్చారా, సైడ్ స్టాండ్ వేసి ఉంటే ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఉందా. ఇన్సూరెన్స్ కాగితంలో మీ పేరు, ఛాసిస్ నంబరు తప్పుల్లేకుండా ఉన్నాయా అన్నది అక్కడే చదవండి. తర్వాత దిద్దించుకోవడానికి తిరగడం పెద్ద టెన్షన్. టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) కాగితం తీసుకుని, నంబరు ప్లేటు ఎప్పుడొస్తుందో తేదీ రాయించుకోండి.

కొన్ని మోడళ్లలో కిక్ ఉండదు. ఉంటే, మీ ముందే కిక్ కొట్టి స్టార్ట్ చేసి చూపించమనండి.

10. మొదటి నెల

ఇంటికొచ్చాక మొదటి నాలుగైదు రోజులు ఉదయం ఆరింటికి, ఖాళీ మైదానంలోనో కాలనీ లోపలి రోడ్డు మీదో తిప్పండి. ఎల్ఎల్ఆర్ ఉన్నంతకాలం ఎల్ బోర్డు ఉండాలి. వెనక కూర్చునేది లైసెన్స్ ఉన్న, నేర్పే మనిషి మాత్రమే.

నన్ను ఎక్కువ భయపెట్టే పొరపాటు ఒకటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండగానే దిగి, హ్యాండిల్ పట్టుకుని బండిని గేటులోంచి నెట్టడం. చేయి తెలియకుండా ఆక్సిలరేటర్ తిప్పేస్తుంది, బండి మనిషిని ఈడ్చుకుపోతుంది. చిన్న పిల్లల్ని ముందు నిలబెట్టుకుని స్టార్ట్‌లో ఉంచి ఎవరితోనో మాట్లాడేటప్పుడు పిల్లలే ఆక్సిలరేటర్ తిప్పేస్తారు. ఎలక్ట్రిక్ బండికి చప్పుడు ఉండదు కాబట్టి ఆన్‌లో ఉందని కూడా తెలియదు. కాలు కింద పెట్టి దిగే ముందు తాళం తిప్పి ఆపేయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్, వాళ్లను నడిపే మనిషికి కట్టి ఉంచే బెల్టు తప్పనిసరి. వాళ్లు ఉన్నప్పుడు వేగం 40 దాటకూడదు.

మొదటి సర్వీస్ మీ మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లకు లేదా గడువుకు, ఏది ముందొస్తే అప్పుడు. మర్చిపోతే వారంటీ గొడవ వస్తుంది.

మొదటి సర్వీస్ అయ్యాక మైలేజీ కొలవండి. మీటరు చూపించే అంకెను నమ్మకండి. బంకులో పైపు దానంతటదే ఆగేదాకా ఫుల్ చేయించి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మామూలుగా తిరగండి. ట్యాంకు సగం దాటాక అదే బంకులో, అదే మిషను దగ్గర మళ్లీ ఆగేదాకా పోయించండి. 142 కిలోమీటర్లు తిరిగి 3.1 లీటర్లు పట్టిందంటే లీటరుకు 45.8. ఇలా రెండుసార్లు చేయండి. 110 సీసీ బండికి ఊళ్లో 40 నుంచి 50 మధ్య వస్తే అంతా బాగున్నట్టే. 35 కంటే తక్కువ వస్తే ముందు టైర్లలో గాలి చూడండి, ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. గాలి సరిగ్గా ఉంటే, సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి, రెండు చక్రాలూ చేత్తో తిప్పి చూడండి. వెంటనే ఆగిపోయే చక్రానికి బ్రేకు పట్టేస్తోంది. ఆ కాగితం లెక్కతో సర్వీస్ సెంటర్‌కు వెళ్లి చూపించండి.